కెమెరాకు కనిపించని చలి

బోగోలులో చలికాలం అంటే జనవరిలో ఓ పదిహేను ఇరవై రోజులు. తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గరికి దిగిందంటే చాలు, పాలకోసం వచ్చే పెద్దవాళ్లంతా చెవులకు మఫ్లర్లు చుట్టేస్తారు. టీ అంగడి పక్కన ఎండుకొమ్మలు పోగేసి చలిమంట వేస్తారు. ఎనిమిదింటికల్లా ఎండ ఎక్కుతుంది. మఫ్లర్లు మెడలోంచి భుజాల మీదికి జారతాయి. పదకొండు కాకుండానే ఇళ్లలో ఫ్యాన్లు తిరుగుతాయి. అదీ అక్కడి చలి!

అలాంటి ఊళ్లో ఉండే మనిషికి గదిని వెచ్చబరిచే హీటరుతో ఏం పని? పని పడింది. బిట్రగుంట రైల్వేస్టేషనుకు కూతవేటు దూరంలో కాపురం ఉండే ఓ రిటైర్డ్ రైలు డ్రైవరుకు ఆ పని పడింది. అదీ 72 ఏళ్ల వయసులో, ఊరికి వేల మైళ్ల దూరంలో.

ఆయన 1974లో బిట్రగుంట లోకోషెడ్డులో క్లీనరుగా చేరారు. ఇంజన్లు తుడిచే పనితో మొదలుపెట్టి ఫైర్‌మన్ అయ్యారు. ఆ రోజుల్లో బిట్రగుంట అంటే ఆవిరి ఇంజన్ల ఊరే. రాత్రీ పగలూ ఈలలు, పొగ, బొగ్గుమసి. ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి తెల్లగా ఉంటే అది ఆ వీధిది కాదనేవారు. పెద్ద ఇంజను మీద డ్రైవరూ, ఇద్దరు ఫైర్‌మన్లూ ఉండేవారు. బయట నెల్లూరు ఎండ, లోపల ఫైర్‌బాక్సు మంట. పార పట్టిన చేతులు రెండేళ్లకే రాటుదేలాయి.

ఆ పనిలో ఆయన మొదట నేర్చుకున్న పాఠం ఒకటే. బొగ్గు గుట్టగా పోస్తే మంట రాదు, పొగ వస్తుంది. గొట్టంలోంచి నల్లటి పొగ లేస్తోందంటే బొగ్గు సరిగ్గా కాలకుండానే పోతోందని లెక్క. పోనీ మంట బాగా మండింది కదా అని సంబరపడితే అవసరానికి మించి ఆవిరి పుడుతుంది. సేఫ్టీ వాల్వు తెరుచుకుని బుస్సుమంటూ గాల్లో కలిసిపోతుంది. అదీ నష్టమే. అందుకే కొంచెం కొంచెంగా, మళ్లీ మళ్లీ వేయాలి. ఇంత జాగ్రత్తపడినా బొగ్గులో ఉన్న శక్తిలో పదో వంతు కూడా చక్రాలదాకా చేరేది కాదు. మిగతాదంతా పొగలోనూ, ఆవిరిలోనూ, ఇనుము వేడిలోనూ పోయేదే.

1980ల మొదట్లో ఆ దారిలో కరెంటు ఇంజన్లు వచ్చాయి. ఆయన పార వదిలి అసిస్టెంటు అయ్యారు, తర్వాత గూడ్సు డ్రైవరయ్యారు. 2012లో రిటైరయ్యారు. కానీ వేడి ఎక్కడ పుడుతోంది, ఎటు పోతోంది అని చూసే చూపు మాత్రం అలాగే ఉండిపోయింది.

మోకాళ్ల మీద దుప్పటి

ఆయన కూతురు ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో ఉంటోంది. లండన్‌కు దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో 1960ల్లో పథకం వేసి కట్టిన ఊరది. ఆమెది జమాఖర్చులు చూసే ఉద్యోగం. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇంటి నుంచి పని మొదలైంది. ఆ తర్వాత కూడా వారంలో నాలుగు రోజులు ఇంట్లోంచే. ఇంట్లో చోటు చాలక కారు పెట్టుకునే గరాజును ఆఫీసు గదిగా మార్చుకుంది. గోడకు తెల్లరంగు, ఓ బల్ల, వెనక పుస్తకాల అర. వీడియోకాల్‌లో చూస్తే సినిమాల్లో ఆఫీసులా ఉండేది.

ప్రతి ఆదివారం మాట్లాడుకునేవారు. 'చలి ఎట్టుందమ్మా?' అని అమ్మ అడిగేది. 'హీటర్లుంటాయి కదమ్మా, బాగానే ఉంది' అనేది కూతురు. తెర మీద నవ్వుతున్న ముఖం కనిపించేది. ఇంకేం కావాలి?

2024 డిసెంబరులో ఆయనా, భార్యా మూణ్నెల్లు ఉండొద్దామని వెళ్లారు. మనవరాలికి ఎనిమిదేళ్లు. దానికి తెలుగు పద్యాలు నేర్పాలని అమ్మమ్మ సరదా. మధ్యాహ్నం నాలుగు కాకముందే చీకటిపడే ఆ ఊరు చూసి పెద్దాయనకు మొదట్లో పొద్దే తెలిసేది కాదు. 2025 జనవరి మొదటి పక్షంలో బ్రిటన్‌ను గట్టి చలి పట్టింది. రాత్రిళ్లు మంచు బిగుసుకుపోయేది.

అలాంటి ఒకరోజు పదకొండు గంటలకు కూతురికి టీ ఇద్దామని ఆయన గరాజు గది తలుపు తీశారు. తెర ముందు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. ఒంటి మీద పొందికైన కోటు. బల్ల కింద మాత్రం వేరే ప్రపంచం. మోకాళ్ల మీద రెండు దుప్పట్లు, కాళ్లకు రెండు జతల మేజోళ్లు, ఒళ్లో వేణ్నీళ్ల రబ్బరు సంచి. చేతులకు వేళ్లు మాత్రం బయటికి కనిపించే తొడుగులు. గోడకున్న చిన్న థర్మామీటరు 11 డిగ్రీలు చూపిస్తోంది.

మీటింగు అయ్యేదాకా ఆయన గుమ్మంలోనే నిలబడ్డారు.

'ఏందమ్మా ఇది?'

'ఏంలేదు నాయనా, అలవాటైపోయింది.'

'హీటరు లేదా?'

'ఉంది. పొద్దున ఓ అరగంట వేస్తాను.'

'తర్వాత?'

ఆమె జవాబు చెప్పలేదు. కప్పు రెండు చేతులతో పట్టుకుని వేళ్లు వెచ్చచేసుకుంది.

మిగతా సంగతి రాత్రి భోజనాల దగ్గర అల్లుడు చెప్పాడు. 2021 శీతాకాలంలో అక్కడ కరెంటు యూనిట్ సగటున 21 పెన్నీలుండేది. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత ధరలు మండిపోయాయి. 2022 అక్టోబరులో ప్రభుత్వం కలగజేసుకుని ధరకు హద్దు పెట్టింది. ఆ హద్దే సగటున 34 పెన్నీలు. ఆ చలికాలం వచ్చిన బిల్లు చూసి ఆమె గరాజులో హీటరు కట్టేసింది. తర్వాత ధర కాస్త తగ్గినా భయం తగ్గలేదు. 'పగలు తనొక్కతే కదా మామయ్యగారూ... ఒక్కదాని కోసం ఎందుకంటుంది. ఎంత చెప్పినా వినదు' అన్నాడు.

పెద్దాయనకు ఇంకో లెక్క గుర్తొచ్చింది. బోగోలులో ఇంటి మీద గది వేసింది ఆ ఏడాదే. కూతురు పంపే డబ్బు నెలనెలా తప్పకుండా బ్యాంకులో పడుతూనే ఉంది. ఒక్క నెల కూడా ఆలస్యం కాలేదు. ఆ మరుసటి వేసవిలో తమ పడకగదికి ఏసీ పెట్టించింది కూడా ఆమే. ఆ రాత్రి ఆయనకు చాలాసేపు నిద్రపట్టలేదు. 'మనం వెళ్లేలోపు దీని సంగతేదో చూడండి' అంది భార్య చీకట్లో. ఆవిడా మేలుకునే ఉంది.

అన్నీ రెండు వేల వాట్లే!

చలిలో కూర్చోవడం ఓపికకు పరీక్ష మాత్రమే కాదు. ఇల్లు కనీసం 18 డిగ్రీల వెచ్చదనంతో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. కూర్చుని పనిచేసే చోట మామూలుగా 16 డిగ్రీలకు తగ్గకూడదని బ్రిటన్‌లో మార్గదర్శకం ఉంది. ఆమె కూర్చున్నది 11లో. వేళ్లు కొంకర్లుపోవడం, మెడ పట్టేయడం ఊరికే రావుకదా.

మర్నాడు శనివారం. మామా అల్లుళ్లు హీటర్ల దుకాణానికి వెళ్లారు. పాతిక పౌండ్ల నుంచి మూడొందల పౌండ్ల దాకా వరసగా పేర్చి ఉన్నాయి. గాలి ఊదేవి, నూనె నింపిన రేడియేటర్లు, గోడకు తగిలించే పలకలు, ఎర్రగా వెలిగేవి. ఒకదాని మీద 'సగం ఖర్చు' అని, ఇంకోదాని మీద 'అధిక సామర్థ్యం' అని రాసి ఉంది. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని ఆ పెద్ద అక్షరాలు కాకుండా అట్టపెట్టె అడుగున ఉండే చిన్న అక్షరాలు చదివారు. చాలావాటి మీద ఒకటే అంకె... 2000 వాట్లు.

వాట్ అన్న మాట ఆ దేశానిదే. ఆవిరి యంత్రాన్ని మెరుగుపరిచిన స్కాట్లండు మనిషి జేమ్స్ వాట్ పేరది. ఆవిరి ఇంజను మీద బతికిన మనిషికి ఆ పేరు పరాయిది కాదు. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్. ఒక యూనిట్ కరెంటులో ఉండే వేడి 860 కిలోకేలరీలు. హీటరులో అదంతా వేడిగానే బయటికొస్తుంది. పొగగొట్టం లేదు, బూడిద లేదు, నష్టం లేదు. బొగ్గులో పదో వంతుకు నోచుకోని మనిషికి నూటికి నూరు పాళ్లు!

'అంటే పాతిక పౌండ్లదీ, మూడొందలదీ ఒకటేనా?' అల్లుడికి అనుమానం వచ్చింది.

వేడి విషయంలో ఒకటే. ఒక యూనిట్ తీసుకుని ఒకటిన్నర యూనిట్ల వేడి ఇచ్చే తీగ చుట్టను ఎవరూ కనిపెట్టలేదు. 'సగం ఖర్చు' అంటే సగం వేడి అనే అర్థం. ఆ మాట విన్నాక కూతురు అలమారలోంచి అరచేతంత హీటరు ఒకటి తీసుకొచ్చింది. ప్లగ్గులో గుచ్చితే చాలు, నాణేల ఖర్చుతో గదంతా వెచ్చబడుతుందన్న ప్రకటన చూసి తెప్పించిందట. దాని వెనక రాసింది 400 వాట్లు. నిజమే, ఖర్చు తక్కువ. వేడీ అంతే తక్కువ. ఆ గదికి అది బొటాబొటి ఓ నలుగురు మనుషులు వచ్చి కూర్చున్నంత. మనిషి ఊరికే కూర్చున్నా ఒంట్లోంచి 100 వాట్ల వేడి వస్తూ ఉంటుంది మరి.

మరి గ్యాసో? అక్కడ చాలా ఇళ్లలాగే ఆ ఇంట్లోనూ గ్యాసు బాయిలరు ఉంది. 2025 మొదటి మూణ్నెల్లకు అక్కడి నియంత్రణ సంస్థ పెట్టిన ధరల హద్దు ప్రకారం సగటున కరెంటు యూనిట్ దాదాపు 25 పెన్నీలు, గ్యాసు యూనిట్ 6 పెన్నీలకు కొంచెం పైన. నాలుగో వంతు ధర! కానీ ఆ బాయిలరు వెచ్చబరిచేది ఇల్లంతటినీ. గరాజుకు దాని గొట్టమే లేదు. నేల తవ్వి గొట్టం లాగాలంటే పెద్ద ఖర్చు. ఒక మనిషి పగలంతా ఒకే గదిలో కూర్చుంటే ఆ ఒక్క గదికి కరెంటు హీటరు పెట్టుకోవడం తప్పేం కాదు. అయితే దాన్ని ఎలా వాడాలన్నదే అసలు ప్రశ్న. 2000 వాట్ల హీటరు ఎనిమిది గంటలు ఆగకుండా తిరిగితే 16 యూనిట్లు. అంటే రోజుకు 4 పౌండ్లు. మన డబ్బుల్లో 420 రూపాయల పైమాటే. నెలలో 17 పనిరోజులకు 7,000 రూపాయలు దాటుతుంది.

ఆరోజు వాళ్లు హీటరు కొనకుండానే తిరిగొచ్చారు. 'ముందు చిల్లులు చూద్దాం అబ్బాయ్. చిల్లుకుండకు ఎన్ని బిందెలు పోస్తాం?' అన్నారు పెద్దాయన.

ఊదుబత్తి చెప్పిన దారి

చీకటిపడ్డాక ఆయన దేవుడి దగ్గరి ఊదుబత్తి వెలిగించి గరాజు గదిలోకి వెళ్లారు. మనవరాలు వెంటపడింది. గోడ పక్కనా, కిటికీ అంచునా, తలుపు కిందా ఊదుబత్తిని నెమ్మదిగా తిప్పుతూ వెళ్లారు. పొగ నిలువుగా లేస్తే గాలి లేదు. పక్కకు వంగిందంటే అక్కడో సందు ఉన్నట్టు. జీవితమంతా పొగను చూసి మంట సంగతి చెప్పిన కళ్లకు అదేం కష్టం కాలేదు.

పాత గరాజు ఇనుప తలుపు దగ్గర పొగ దాదాపు అడ్డంగా పడుకుంది. గదిగా మార్చినప్పుడు ఆ తలుపును తీయలేదు, ముందు ఓ తెర కట్టి ఊరుకున్నారు. కింద వేలు దూరేంత సందు. నేల ఉత్త కాంక్రీటు, మీద పల్చటి షీటు. గోడ ఒంటి ఇటుక. ఆ గదిలో హీటరు వేయడమంటే పెరటికి వేడి పోయడమే!

వారంపాటు మామా అల్లుళ్లకు అదే పని. ఇనుప తలుపు కింద రబ్బరు పట్టీ వేశారు. లోపలివైపు వేడిని ఆపే దళసరి పలకలు బిగించారు. కిటికీ అంచులకు పట్టీలు అంటించారు. నేల మీద కింద మెత్త వేసి తివాచీ పరిచారు. తెర తీసేసి నేలకు తగిలే మందపాటి కర్టెను కట్టారు. కిటికీ పైనుండే గాలి సందును మాత్రం మూయలేదు. మనిషి ఊపిరిలోని తేమ బయటికి పోకపోతే గోడలకు బూజు పడుతుంది. ఇలాంటి గదిలో బొగ్గు కుంపటి, కిరోసిన్ హీటరు లాంటివి పెట్టడం ప్రాణాలతో చెలగాటమే. విషవాయువు వాసన కూడా రాదు. ఈ మాట మన్యంలోనో, ఆదిలాబాద్ వైపో చలికాలంలో తలుపులు బిగించి నిప్పులు పెట్టుకునే ఇళ్లకూ వర్తిస్తుంది.

ఆ తర్వాత పరీక్ష. ఇంట్లో ఉన్నదొకటి, ఎదురింటివాళ్లు ఇచ్చిందొకటి, అల్లుడి స్నేహితుడు తెచ్చిందొకటి... మూడు రకాల హీటర్లు. ప్లగ్గుకూ హీటరుకూ మధ్య పెట్టే చిన్న మీటరు కొన్నారు. ఎన్ని యూనిట్లు కాలాయో అది చెబుతుంది. పెద్దాయన ఓ నోటుపుస్తకం తీసి గీతలు గీశారు. గంట గంటకూ తల దగ్గర ఎంత, కాళ్ల దగ్గర ఎంత, మీటరు ఎంత.

గాలి ఊదే హీటరు పది నిమిషాల్లో వెచ్చదనం తెచ్చింది. కానీ వేడిగాలి పైకి పోతుంది. తల దగ్గర బాగానే ఉన్నా కాళ్లు చల్లగానే ఉన్నాయి. పైగా రొద. మీటింగుల్లో ఆపేయాల్సిందే. ఆపితే ఐదు నిమిషాల్లో మళ్లీ చలి. ఎర్రగా వెలిగే హీటరు గాలిని కాక ఎదురుగా ఉన్న మనిషిని వెచ్చబరుస్తుంది, చలిమంటలాగే. ముందు కాలుతుంది, వీపు వణుకుతుంది. చప్పుడు లేదు కాబట్టి కాసేపు పనిచేసుకునే షెడ్డుకు బాగుంటుంది కానీ ఎనిమిది గంటల కుర్చీ పనికి కుదరలేదు. నూనె రేడియేటరు వెచ్చబడటానికి ముప్పావు గంట తీసుకుంది. కానీ ఒకసారి వెచ్చబడ్డాక నిదానంగా, చప్పుడు చేయకుండా ఇస్తూనే ఉంది. కట్టేశాక కూడా అరగంట దాకా వేడి నిలిచింది. దానికున్న థర్మోస్టాటు గది అనుకున్న వేడికి రాగానే కరెంటు ఆపుతుంది, తగ్గగానే మళ్లీ వేస్తుంది. కొంచెం కొంచెంగా, మళ్లీ మళ్లీ.

'మంచి ఫైర్‌మన్‌రా ఇది' అన్నారు పెద్దాయన.

చివరికి కొన్నది థర్మోస్టాటూ టైమరూ ఉన్న 1500 వాట్ల నూనె రేడియేటరు, బల్ల కింద పాదాల దగ్గర పెట్టుకునే 150 వాట్ల పలక. పాదాలు వెచ్చగా ఉంటే గది 19 డిగ్రీలుండాల్సిన అవసరం లేదు, 17 చాలు. పని మొదలుపెట్టడానికి ముప్పావు గంట ముందు టైమరు హీటరు వేస్తుంది. పని ముగియడానికి అరగంట ముందే కట్టేస్తుంది. సందులు మూయకముందు గాలి హీటరుతో గదిని పగలంతా వెచ్చగా ఉంచితే నోటుపుస్తకంలో పడిన లెక్క 11 యూనిట్లు. ఇప్పుడు పాదాల పలకతో కలిపి 6.

ఇంకో దారి కూడా వాళ్లు ఆలోచించారు. మన ఏసీ గదిలోని వేడిని తీసి బయట పోస్తుంది కదా. దాన్నే తిరగేసి నడిపితే బయటి చలిగాలిలో ఉన్న కాస్త వేడినీ లాగి గదిలో పోస్తుంది. వేడిని పుట్టించడం కాదు, మోసుకురావడం. అందుకే ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. నూటికి నూరును దాటేది ఇదొక్కటే. కాకపోతే బిగించడానికి ఖర్చెక్కువ. రోజంతా, ఏళ్ల తరబడి వాడేవాళ్లకు గిట్టుబాటవుతుంది. నాలుగు నెలల చలికి, ఒక్క చిన్న గదికి తొందరేం లేదనుకున్నారు. ఇల్లు మరమ్మతు చేయించేనాటికి చూద్దామనుకున్నారు.

బిల్లు తగ్గలేదు

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. ఇంత చేశాక ఆ ఇంటి కరెంటు బిల్లు తగ్గలేదు. పెరిగింది! అంతకుముందు ఆమె హీటరు వేసింది అరగంటే. అది ఒక యూనిట్. ఇప్పుడు రోజుకు ఆరు. ఒకటిన్నర పౌండ్లు, నెలకు 2,700 రూపాయల దాకా.

'చూశావా నాయనా, ఇన్ని చేసీ ఖర్చు పెంచావు' అంది కూతురు నవ్వుతూనే.

పెద్దాయన నవ్వలేదు. 'ఇంజనుకు బొగ్గు వెయ్యకుండా షెడ్డులోనే నిలబెడితే బొగ్గు మిగులుద్ది తల్లీ. దాన్ని పొదుపని ఎవరూ అనరు. బండి కదలాల, బొగ్గు తక్కువ పట్టాల. అప్పుడది పొదుపు. నువ్వు ఇన్నాళ్లు చేసింది పొదుపు కాదు, ఓర్చుకోవడం.'

కాసేపాగి మళ్లీ అన్నారు. 'వచ్చే నెల నుంచి మాకు పంపేదాంట్లో మూడువేలు తగ్గించు. నా పింఛను మాకు చాలు.'

ఆమె ఒప్పుకోలేదు. ఆయన పట్టు విడవలేదు. 'అట్టయితే నేను ఇంటికి పోయి ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా ఈ పదకొండు డిగ్రీలే గుర్తొస్తాయి. అది నీకిష్టమేనా?' అన్నారు. ఆమె కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. ఆ నెల నుంచి మూడువేలు తగ్గాయి.

వెళ్లేముందు ఆయన కూతురికి కొన్ని జాగ్రత్తలు కాగితం మీద రాసి గోడకు అంటించారు. హీటరు ప్లగ్గు నేరుగా గోడ సాకెట్టులోనే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ తీగకు తగిలించకూడదు. దాని మీద బట్టలు ఆరేయకూడదు. కర్టెనుకు మూడడుగుల ఎడం ఉండాలి. ఆ జాబితా చూసి భార్య ఊరుకోలేదు. 'మనింట్లో బక్కెట్లో వేసే హీటర్ రాడ్డు సంగతో? స్విచ్చి కట్టెయ్యకుండా నీళ్లు కాగాయా లేదా అని వేలు పెట్టి చూసేది ఎవరు?' అంది. ఆయన దగ్గర జవాబు లేదు. నిజానికి ఆ రాడ్డుకూ ఇదే లెక్క. 20 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే 300 కిలోకేలరీలు, అంటే మూడో వంతు యూనిట్ పైన కాస్త. వెయ్యి వాట్ల రాడ్డుకు 20 నిమిషాల పైచిలుకు. ఆ తర్వాత కాగేదంతా చన్నీళ్లు కలిపి చల్లార్చుకోవడానికే. బక్కెట్టును తాకేముందు స్విచ్చి కట్టేయడం, ప్లగ్గు తీసేయడం లెక్కకు కాదు, ప్రాణానికి.

ఇప్పుడు నీ వంతు

మార్చిలో ఇద్దరూ బోగోలు తిరిగొచ్చారు. ఆదివారం ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి. ఒక్కటి మాత్రం మారింది. కాల్ కలవగానే ఆయన మొదటి మాట, 'కెమెరా కిందికి తిప్పు తల్లీ.' ఆమె తిప్పేది. మోకాళ్ల మీద దుప్పటి లేదు. 'ఇంకొంచెం పక్కకు.' గోడకున్న థర్మామీటరు. 17. 'సరే, ఇప్పుడు చెప్పు, బాగుండారా అందరూ?'

మే నెల వచ్చింది. అక్కడ చలి పోయింది. ఇక్కడ నెల్లూరు ఎండలు. రాత్రి తొమ్మిదైనా గోడలు సెగ కక్కుతున్నాయి. ఫోనులో నాయన ముఖం జిడ్డోడుతోంది. మాటిమాటికీ తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నారు. కూతురు కాసేపు చూసింది.

'నాయనా, కెమెరా ఒకసారి పైకి తిప్పు.'

'ఎందుకు తల్లీ?'

'తిప్పు, చెప్తా.'

ఆయన నసిగారు. వెనక నుంచి అమ్మ ఫోను లాక్కుని తిప్పేసింది. గోడ మీద ఏసీ. దాని మీద దుమ్ము పడకుండా పాత పంచె చక్కగా కప్పి, నాలుగు వైపులా మడిచి కట్టి ఉంది.

'మీ నాయన చుట్టాలొచ్చినప్పుడు తప్ప విప్పనీడమ్మా' అంది అమ్మ.

ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత కూతురే లెక్క మొదలుపెట్టింది, ఆయన పద్ధతిలోనే. టన్ను ఏసీ, 26 డిగ్రీలు పెట్టి, పైన ఫ్యాను నిదానంగా వేసుకుంటే గంటకు యూనిట్ కూడా పట్టదు. రాత్రికి ఆరు గంటలు వేసినా నాలుగైదు యూనిట్లు. వాళ్ల వాడకానికి పడే శ్లాబులో అప్పటి రేటు యూనిట్‌కు 6 రూపాయలు. సర్దుబాటు చార్జీలు కాక రోజుకు 30 రూపాయలకు మించదు. ముందు తలుపు కింద సందుకు గుడ్డ పెట్టాలి, పడమటి కిటికీకి మందపాటి తెర కట్టాలి.

'ఓర్చుకోవడం పొదుపు కాదని ఎవరో చెప్పారు నాయనా' అంది చివర్లో.

ఆయన నవ్వేశారు. కుర్చీ ఎక్కి పంచె ముడి విప్పారు. అది మళ్లీ కట్టలేదు.

ఇప్పుడు ఆ రెండిళ్ల మధ్య ఆదివారం ఫోను మోగితే ముందు కెమెరాలు తిరుగుతాయి. అక్కడ చలికాలమైతే కిందికి, ఇక్కడ ఎండాకాలమైతే పైకి. ఆ తర్వాతే క్షేమసమాచారాలు.